గోదావరి డెల్టాలో రైలు ఊళ్ళు తిరగాలంటే

గోదావరి జిల్లాలు చూడ్డానికొచ్చేవాళ్ళు చాలామంది కారేసుకుని వస్తారు, పాపికొండలు, దిండి, అంతర్వేది, మధ్యలో ఏదో కొబ్బరితోటలో నాలుగు ఫోటోలు, పూతరేకులు రెండు డబ్బాలు, అయిపోయింది. తప్పేం లేదు గానీ ఇది వాళ్ళ కోసం రాస్తుంది కాదు. సామర్లకోట, బిక్కవోలు, నిడదవోలు, తణుకు, పాలకొల్లు, కైకలూరు అని పసుప్పచ్చ బోర్డులు ఎప్పుడూ రైలు కిటికీలోంచే చదివేసి, ఈ ఊళ్ళో ఏముంటుందో అనుకుంటూ విశాఖపట్నమో విజయవాడో వెళ్ళిపోయేవాళ్ళ కోసం. ఏముంటుందంటే చాలా ఉంటుందండి. వెయ్యేళ్ళ నాటి గుళ్ళున్నాయి, డచ్చివాళ్ళు ఇంగ్లీషువాళ్ళు బట్టల వ్యాపారం చేసిన రేవులున్నాయి, కాటన్ దొర కాలవలు, లాకులు, పిట్టల మడుగులు, సాయంత్రం పూట కూర్చోడానికి మునిసిపల్ పార్కులు. చాలావరకు స్టేషన్లో దిగి ఆటో ఎక్కితే పది పదిహేను నిమిషాల దూరంలోనే.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. ఇక్కడ ప్లాన్ వేసుకోవాల్సింది రైలు టైముల్ని బట్టి కాదు, గుడి తలుపులు వేసే టైముని బట్టి. ఈ పాత కట్టడాల్లో ఎక్కువ భాగం ఇప్పటికీ పూజలు జరిగే గుళ్ళే, పొద్దున్నే తీస్తారు, పన్నెండు పన్నెండున్నరకి వేసేస్తారు, మళ్ళీ మూడింటికో నాలుగింటికో తీస్తారు, ఒక్కో ఊళ్ళో ఒక్కో లెక్క. హోటల్లో తీరిగ్గా పెసరట్టు ఉప్మా తిని పదింటికి బయల్దేరి పన్నెండుంపావుకి గుడి ముందు దిగి తాళం కప్ప చూసి, ఈ ఊళ్ళో ఏం లేదండీ అని వెనక్కి పోయినవాళ్ళని బోలెడుమందిని చూశాను. కాబట్టి తలుపులుండేవన్నీ పొద్దున్నే చూసెయ్యాలి, తలుపుల్లేనివి అంటే చేలల్లో గుళ్ళు, లాకులు, రేవులు మధ్యాహ్నానికి ఉంచుకోవాలి, పార్కు సాయంత్రానికి. ఇదొక్కటి సరిగ్గా కుదిరితే మిగతాదంతా దానంతటదే నడుస్తుంది.

లైన్ల సంగతి. రెండు చోట్ల మకాం పెట్టుకుంటే చాలు. ఒకటి రాజమండ్రి, మెయిన్ లైను మీద ఉంది, ఇక్కణ్ణుంచి కడియం, ద్వారపూడి, అనపర్తి, బిక్కవోలు, సామర్లకోట, పిఠాపురం వరుసగా వస్తాయి, సామర్లకోటలో చీలితే కాకినాడ. రెండోది భీమవరం, ఇటు నిడదవోలు వైపు అత్తిలి, తణుకు, అటు నరసాపురం వైపు వీరవాసరం, పాలకొల్లు, మూడో వైపు ఆకివీడు, కైకలూరు మీదుగా గుడివాడ. భీమవరానికి జంక్షన్ ఒకటి టౌన్ ఒకటి రెండు స్టేషన్లున్నాయి, కాకినాడకీ టౌన్, పోర్ట్ అని రెండు, ఏ రైలు ఎక్కడ ఆగుతుందో చూసుకోకుండా ఎక్కితే ఆటో ఖర్చు రైలు ఖర్చు కంటే ఎక్కువైపోద్ది.

టికెట్టు దగ్గర కూడా ఓ మాట. పాసింజరు, మెమూ అయితే ఖర్చు పెద్ద లెక్కలోది కాదు, కానీ పాసింజరు టికెట్టు పట్టుకుని ఎక్స్‌ప్రెస్ జనరల్ బోగీ ఎక్కెయ్యకండి, ఫైను పడుద్ది, కౌంటర్లోనే 'ముందొచ్చేది పాసింజరా ఎక్స్‌ప్రెస్సా' అని అడిగి దానికి తగ్గ టికెట్టు తీసుకోండి. దగ్గర దూరం జనరల్ టికెట్టు తీసుకున్నాక మూడు గంటల్లోపు ప్రయాణం మొదలెట్టాలి, అందుకని పొద్దున్నే రోజంతటికీ టికెట్లు కొనేసి జేబులో పెట్టుకోడం కుదరదు, మధ్యలో దిగి మళ్ళీ అదే టికెట్టు మీద ఎక్కడమూ కుదరదు, ఏ ఊరికా ఊరు తీసుకోవడమే. రైల్వే యాప్ ఉంటే క్యూ బాధ తప్పుద్ది. ఇంకోటి, మెయిన్ లైనులో ఎక్స్‌ప్రెస్‌లకి దారివ్వడానికి పాసింజర్లని లూపులో, అంటే పక్క పట్టాలమీద, పెట్టేస్తుంటారు, అనపర్తిలోనో ద్వారపూడిలోనో అలా ఆగిపోతే కంగారు పడకండి, జామకాయలమ్మే ఆవిడ ఎలాగూ వస్తుంది. తిరుగు రైలు మాత్రం ఆఖరిది పెట్టుకోకండి, ఆఖరిదానికి ముందుది పెట్టుకోండి.

స్టేషన్లో దిగాక వెంటనే బయటికి పరిగెత్తకుండా ఓ రెండు నిమిషాలు అక్కడే ఆగండి. ప్లాట్‌ఫారం చివర పసుప్పచ్చ బోర్డు మీద ఊరి పేరు కింద సముద్రమట్టానికి ఎంత ఎత్తో మీటర్లలో రాసుంటుంది. రాజమండ్రి బోర్డు చూసి తర్వాత నరసాపురం బోర్డు చూడండి, డెల్టా అంటే ఏంటో పుస్తకం అక్కర్లేకుండా అర్థమైపోద్ది, నేల అలా సముద్రం దాకా వాలిపోతుంది, అందుకే కాలవ నీళ్ళు మోటారు లేకుండా వాటంతటవే పారతాయి. వెయిటింగ్ హాల్లో బాత్రూం పని కూడా అక్కడే కానిచ్చేసుకోండి, ముఖ్యంగా ఆడవాళ్ళతో పిల్లలతో వచ్చినవాళ్ళు, ఊళ్ళోకెళ్ళాక మంచిది దొరకడం కష్టం. సామాన్లు చిన్న స్టేషన్లలో దాచుకునే వీలుండదు, మకాం దగ్గరే వదిలేసి చేతిసంచీతో రండి.

ఈ ఊళ్ళ తీరు కొంచెం తెలిస్తే దారి అడక్కుండానే తిరగొచ్చు. ముందు గుడి, దాని చుట్టూ పాత ఊరు. తర్వాత కాలవ, 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలెట్టి 1852కి పూర్తి చేశాక వచ్చింది, అప్పుడు ధాన్యమైనా మనుషులైనా పడవల మీదే కాబట్టి కొట్లూ మిల్లులూ కాలవగట్టుకి చేరాయి. రైలు ఆఖర్న వచ్చింది, మెయిన్ లైను 1893 నుంచి 1896 మధ్య, భీమవరం వైపు ఇంకా చాలా తర్వాత. అందుకే స్టేషను ఎప్పుడూ ఊరికి కాస్త ఎడంగా ఉంటుంది, స్టేషన్ రోడ్డు పట్టుకుని వెళ్తే కాలవ వంతెన, అది దాటితే బజారు, బజారు చివర గుడి. అన్ని ఊళ్ళూ ఇలాగే ఉంటాయని కాదు గానీ చాలావాటికి సరిపోద్ది.

సరే, మొదటి రోజు రాజమండ్రి నుంచి మొదలెడదాం. పొద్దున్నే తొలి రైలుకి నేరుగా సామర్లకోట వెళ్ళిపోండి, యాభై కిలోమీటర్లు, ఎక్స్‌ప్రెస్‌లు కూడా చాలావరకు ఆగుతాయి. కుమారారామం, పంచారామాల్లో ఒకటి, స్టేషన్నుంచి ఆటోలో దగ్గరే. తూర్పు చాళుక్యుల్లో చాళుక్య భీముడు కట్టించిన గుడి, ఆయన 892 నుంచి 922 దాకా ఏలాడు. గర్భగుడి రెండంతస్తులు. కింద మామూలుగా దణ్ణం పెట్టేసుకుని వచ్చేస్తే సగమే చూసినట్టు, ఎందుకంటే కింద కనపడేది లింగం అడుగుభాగం, సున్నపురాయి లింగం అది, నేల్లోంచి లేచి పైకప్పులోంచి దూరి రెండో అంతస్తులోకి వెళ్తుంది, పద్నాలుగడుగులని చెప్తారు. మెట్లెక్కి పైకెళ్తే పైభాగం కనపడుతుంది, అభిషేకం అక్కడే. మెట్లు ఇరుకు, వయసైనవాళ్ళని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళండి. బయటికొచ్చాక ప్రాకారం గోడలోపల చుట్టూ ఓసారి తిరగండి, ప్రాకారానికీ రెండంతస్తులు, చెక్కుళ్ళు తక్కువ, సాదా రాయి, కానీ ఆ కొలతల్లో ఉంది అందమంతా. పండగ రోజుల్లో కాకుండా మామూలు మంగళవారమో బుధవారమో వస్తే పావురాలు తప్ప ఎవరూ ఉండరు.

పదిన్నర లోపు ఇది అయిపోతే పిఠాపురం పన్నెండు కిలోమీటర్లే, కుక్కుటేశ్వరుడు, పురుహూతికా అమ్మవారు, పాదగయ కోనేరు అన్నీ ఒకే ఆవరణలో, తలుపులేసే లోపు అందుకోవచ్చు. ఊళ్ళో కుంతీమాధవస్వామి గుడి కూడా ఉంది. పిఠాపురం రాజావారంటే సూర్యరాయాంధ్ర నిఘంటువు వేయించినాయనే, కాకినాడలో పీఆర్ కాలేజీ ఆ సంస్థానం పేరుమీదే. చీరలమీద మనసున్నవాళ్ళతో వెళ్తే ఉప్పాడ జాందానీ గురించి ముందు చెప్పకండి, చెప్తే ఇంక ఆరోజు గుళ్ళూ ఉండవు గోపురాలూ ఉండవు.

ఇప్పుడు పన్నెండున్నర అయ్యింది, అన్నీ మూసేశారు. భోంచేసి బిక్కవోలు పాసింజరు పట్టుకోండి, ఎక్స్‌ప్రెస్‌లు చాలావరకు అక్కడ ఆగవు. టూరిస్టులు పెద్దగా రారు గానీ ఈ లైను మొత్తంలో నన్నడిగితే మొదటి మార్కు బిక్కవోలుకే. తూర్పు చాళుక్యరాజు గుణగ విజయాదిత్యుడికి బిరుదాంకుడని బిరుదు, ఆ పేరుమీద బిరుదాంకవోలు అనేవారట, 9వ శతాబ్దం మాట. గోలింగేశ్వరుడు, రాజరాజేశ్వరుడు, చంద్రశేఖరుడు ఊళ్ళోనే పక్కపక్కన ఉంటారు, వీటికి తలుపులున్నాయి కాబట్టి నాలుగింటికి వస్తానని మనసులో అనుకుని ముందు చేలవైపు నడవండి. వరిచేల మధ్యలో, కొబ్బరిచెట్ల వెనకాల రాతిగుళ్ళు కనపడతాయి. గట్టుమీదే దారి, వానాకాలం చెప్పులు చేత్తో పట్టుకోవాలి. దగ్గరికెళ్ళి గోడ చూడండి, మధ్యలో గూడు, గూడు మీద మకరతోరణం, రెండు మొసళ్ళ నోళ్ళలోంచి తోరణం బయటికొచ్చి వంపు తిరుగుతుంది, పై అంతస్తు కిందదానికంటే చిన్నది, దానిమీద ఇంకా చిన్నది, అలా ఎక్కుతూ పోతుంది విమానం, అంటే గర్భగుడి మీది శిఖరం. ఎండ ఏటవాలుగా పడేటప్పుడు చూడాలి, అంటే మూడు దాటాక, నడినెత్తిన ఉంటే చెక్కుళ్ళు గోడలో కలిసిపోయి ఏం తెలీదు. రైతు ఎవరైనా కనపడితే పలకరించండి, చేను ఆయనది, మీరు నడిచే గట్టు ఆయనది. 'మేస్టారూ, గుడి చూసి వెళ్తామండి' అంటే 'ఆయ్, చూడండి, పాముంటాది జాగర్త' అంటాడు, అది నిజమే, గడ్డిలో చూసుకుని అడుగెయ్యండి.

తిరిగి ఊళ్ళోకొచ్చేసరికి గుడి తీస్తారు. ఇక్కడ లక్ష్మీగణపతి ఏకశిలా విగ్రహం చాలా పెద్దది, జనం ఆయన చెవి దగ్గర నోరు పెట్టి కోరికలు చెప్పుకుంటారు. మీ వెనక నిలబడ్డవాళ్ళకి వినపడకుండా చెప్పుకోండి మరి.

శాసనాల గురించి ఇక్కడే చెప్పేస్తాను, అన్ని చోట్లా పనికొస్తుంది. ద్రాక్షారామంలో అయితే స్తంభాలమీద గోడలమీద వందల్లో ఉన్నాయి. లిపి మనకి చదవడం రాకపోయినా అంకెలు, మొదట్లో స్వస్తిశ్రీ, శకవర్ష అన్న మాటలు కొంచెం అలవాటైతే పట్టుకోవచ్చు, పక్కన బోర్డుమీద శకం 944 అనుంటే దానికి 78 కలపండి, 1022, రాజరాజనరేంద్రుడి పట్టాభిషేకం అయిన సంవత్సరం అది. అక్షరాలు సరిగా కనపడ్డం లేదని సుద్దముక్కతో రుద్దడం, నూనె రాయడం, కుంకం పొయ్యడం చెయ్యకండి, ఫోను టార్చి పక్కనుంచి గోడకి ఆనించినట్టు పట్టుకుంటే చాలు, గీతలన్నీ లేచి కనపడతాయి. నీలం బోర్డున్న కట్టడాలు కేంద్ర పురావస్తు శాఖవి, వాటికి నష్టం చేస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా అని చట్టంలోనే ఉంది, ప్రేమికులు పేర్లు చెక్కే ముందు అది చదువుకుంటే బాగుణ్ణు. గర్భగుళ్ళో ఫోటోలు తియ్యకండి, ప్రాకారంలో అయినా పూజారిగారిని ఒకమాట అడిగి తియ్యండి. అడిగితే ఆయనే 'ఇటొచ్చి చూడండి బాబూ' అని మనం గమనించనివి చూపిస్తాడు, హారతి పళ్ళెంలో కాస్త వేసి వస్తే మర్యాదగా ఉంటుంది.

ద్రాక్షారామం రైలు కథ వేరే. కాకినాడ నుంచి కోటిపల్లి దాకా 1928లో లైనేశారు, రెండో ప్రపంచయుద్ధం టైములో పట్టాలు పీక్కుపోయారు, మళ్ళీ 2004లో వేశారు. మా వైపు ముసలివాళ్ళు పట్టాలు పోయిన సంగతి ఇప్పటికీ నిన్నో మొన్నో జరిగినట్టు చెప్తారు. ఈ లైనులో బండి నడుస్తుందా లేదా అన్నది ఆ నెల చూసుకోవాల్సిందే, దాన్ని నమ్ముకుని ప్లాన్ వెయ్యకండి, కాకినాడ బస్ కాంప్లెక్స్ నుంచి రామచంద్రపురం మీదుగా బస్సులు బోలెడు. భీమేశ్వరుడి గుడి కూడా రెండంతస్తులే, సామర్లకోట చూసొచ్చినవాళ్ళకి పోలికలు తెలుస్తాయి, మాణిక్యాంబ అమ్మవారు శక్తిపీఠం. దీనికో పూట మొత్తం ఇవ్వండి, హడావుడిగా చూసే గుడి కాదు.

కాకినాడ వైపు వెళ్తే కోరింగ మడ అడవులు వదలకండి. 1978లో అభయారణ్యం చేశారు, చెక్కల వంతెన మీద మడచెట్ల మధ్యలోంచి నడుచుకుంటూ పోవచ్చు, బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేర్లు కనపడతాయి, అవి చెట్టు ఊపిరి పీల్చుకునే వేర్లు. ఆటు ఉన్నప్పుడూ పోటు ఉన్నప్పుడూ రెండు రకాలుగా ఉంటుంది, నీళ్ళు తీసినప్పుడు వెళ్తే పీతలూ బురదచేపలూ కనపడతాయి. దోమలు మాత్రం సాయంత్రం ఐదు దాటితే మిమ్మల్ని ఎత్తుకెళ్ళిపోతాయి.

రాజమండ్రి చిన్న ఊరు కాదు గనక తొందరగా చెప్తాను. గోదావరి దాటే మొదటి రైలు వంతెన, హేవ్‌లాక్ బ్రిడ్జి, 1900లో తెరిచారు, అంతవరకూ ఈ ఒడ్డున దిగి పడవలో అవతలికి పోవాల్సిందే. 1997లో దానికి రిటైర్‌మెంట్ ఇచ్చి ఆర్చి బ్రిడ్జి మీదకి రైళ్ళు మళ్ళించారు, ఇంకోటి రోడ్ కమ్ రైలు వంతెన, 1974ది. పుష్కరాలరేవులో మెట్లమీద కూర్చుంటే వంతెనలు కనపడతాయి, పొద్దున్న ఆరింటికి వెళ్ళండి. కందుకూరి వీరేశలింగం గారిల్లు మ్యూజియంగా ఉంచారు, 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం చేయించిన ఊరిది. ఇరవయ్యెనిమిదేళ్ళు నిండకుండానే పోయిన దామెర్ల రామారావు గారి బొమ్మలు గ్యాలరీలో ఉన్నాయి, నిదానంగా చూడండి. ఈ మ్యూజియాలకి వారంలో ఓ రోజు సెలవుంటుంది, ప్రభుత్వ సెలవులకీ మూస్తారు, ముందురోజు ఫోన్ చేసి కనుక్కోడం నయం. తర్వాత ధవళేశ్వరం ఆటోలో వెళ్ళి కాటన్ మ్యూజియం, బ్యారేజీ. పాత ఆనకట్ట కాదు ఇప్పుడున్నది, దాని బదులు కట్టిన బ్యారేజీ, ధవళేశ్వరం, ర్యాలీ, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా ఉంటుంది. మ్యూజియంలో నమూనాలు చూశాక బయటికొచ్చి కాలవ తలుపుల దగ్గర నిలబడండి, నది ఎక్కడ కాలవైపోతుందో కళ్ళతో చూడొచ్చు. కడియం నర్సరీలకి వెళ్తే మాత్రం మొక్కలు కొననని ముందే ఒట్టేసుకోండి, రైల్లో నాలుగు కుండీలు మోసుకురావడం ఎవరి తరమూ కాదు.

పశ్చిమం వైపు. నిడదవోలు జంక్షన్లో రైలు మారే గ్యాపు ఎలాగూ ఉంటుంది, అక్కడ చాళుక్యుల శాఖ ఒకటి ఏలింది, రుద్రమదేవిని పెళ్ళాడిన వీరభద్రుడు వాళ్ళవాడే, జనం మాత్రం ఎక్కువ కోట సత్తెమ్మ గుడికి వెళ్తారు. భీమవరంలో గునుపూడి సోమారామం, ముందు చంద్రకుండం అని కోనేరు, లింగం పున్నమికి తెల్లగా అమావాస్యకి నల్లగా మారుతుందని నమ్మకం, కాబట్టి భక్తి ఉన్నవాళ్ళు పున్నానికోసారి అమాసకోసారి వస్తారు. ఇక్కడ శివుడు కింద, అన్నపూర్ణమ్మ పై అంతస్తులో. పాలకొల్లు పావుగంట అరగంట ప్రయాణం, క్షీరారామం గోపురం తొమ్మిదంతస్తులు, నూట ఇరవై అడుగులు, ఊరి బయటినుంచే కనపడుతుంది, లింగం తెల్లటిది. రెండూ పొద్దున్నే కానిచ్చెయ్యొచ్చు, సోమారామం ఏడింటికి, క్షీరారామం పదింటికి.

పాలకొల్లు వెళ్ళి దిబ్బరొట్టి తినకపోతే వెళ్ళనట్టే. మూకుట్లో మినప్పిండి మందంగా పోసి మూతపెట్టి నిప్పులమీద నిదానంగా కాలుస్తారు, అడుగు ఎర్రగా కరకరలాడుద్ది, లోపల మెత్తగా ఉంటుంది, చెరకు పానకంతో తింటారు, చట్నీతో కూడా తినొచ్చు గానీ పానకంతోనే బాగుంటుంది. కాస్త టైము పడుద్ది, తొందరపెట్టకండి. గోదావరి జిల్లాల్లో తాపేశ్వరం మడతకాజా ద్వారపూడి దగ్గర, గొట్టంకాజా కాకినాడలో, పూతరేకులు ఆత్రేయపురంవి, ఏ ఊరిదా ఊళ్ళో కొనండి, బస్టాండు డబ్బాలవి కాదు.

మధ్యాహ్నానికి నరసాపురం, లైను ఆఖరు. ఇక్కడ చూడ్డానికి పెద్ద కట్టడాలేం లేవు, ఉన్నది రేవు. 17వ శతాబ్దంలో ఇంగ్లీషువాళ్ళు ఇక్కడ ఓడలు కట్టించుకున్నారు, పక్కనే మాధవాయిపాలెంలో వాళ్ళ బట్టల కోఠీ, ఆ ఊరి పేరే నోరు తిరక్క మడపోలం అయిపోయి ఐరోపాలో ఓ రకం గుడ్డకి పేరుగా నిలబడిపోయింది. పాలకొల్లులో డచ్చివాళ్ళుండేవారు. ఆ బట్టలు పోయాక లేసు వచ్చింది, 19వ శతాబ్దంలో మిషనరీ దంపతులు నేర్పారు, ఇప్పటికీ చుట్టుపక్కల ఊళ్ళల్లో అరుగులమీద కూర్చుని ఆడవాళ్ళు కొక్కెంతో అల్లుతూనే ఉంటారు. ఎవరైనా అల్లుతుంటే ఫోను తీసి మొహమ్మీద పెట్టకండి, 'అమ్మా, ఓ నిమిషం చూడొచ్చా అండీ' అంటే వాళ్ళే నేర్పిస్తామంటారు. కొనేటప్పుడు బేరం మరీ గట్టిగా ఆడకండి, ఆ అల్లినావిడకి ముట్టేది అందులో ఎంతో ఆలోచించండి. రేవులో పంటు, అంటే బల్లకట్టు, ఎక్కితే అవతల సఖినేటిపల్లి, అక్కణ్ణుంచి అంతర్వేది. గోదావరి పాయ వశిష్ట మీద పంటులో మోటారు సైకిళ్ళు, గేదెలు, పెళ్ళివారు అందరూ కలిసి ఎక్కుతారు, వరదల్లో ఆపేస్తారు, జూలై ఆగస్టుల్లో వచ్చేవాళ్ళు ముందు కనుక్కోండి.

పార్కుల మాటకొస్తే. మన చిన్న ఊళ్ళ మునిసిపల్ పార్కు అంటే బెంచీలు, జారుడుబల్ల, నాలుగు విగ్రహాలు, పెద్దగా ఊహించుకోకండి, చాలా చోట్ల మధ్యాహ్నం గేటు వేసేస్తారు, తీసేది పొద్దున్న వాకింగువాళ్ళకీ, మళ్ళీ సాయంత్రం నాలుగు దాటాకానే. కానీ ఊరి సంగతి తెలియాలంటే అక్కడికే వెళ్ళాలి. విగ్రహాల కింద శిలాఫలకాలు చదవండి, ఎవరిచ్చారు, ఏ సంవత్సరం, ఏ మునిసిపల్ చైర్మను, ఊళ్ళో ఎవరి పెత్తనం ఎప్పుడు నడిచిందో అందులోనే ఉంటుంది. పాత పార్కుల్లో మధ్యలో చిన్న గదో స్తంభమో కనపడితే అది రేడియో పెట్టిన చోటు అయ్యుంటుంది, ఇళ్ళల్లో రేడియోల్లేని రోజుల్లో సాయంత్రం వార్తలకి ఊరంతా అక్కడ చేరేవారు. భీమవరం పార్కులో అల్లూరి సీతారామరాజు ముప్పై అడుగుల కంచు విగ్రహం ఉంది, 2022 జూలై 4న ప్రధానమంత్రి ఆవిష్కరించారు, సీతారామరాజు సొంతూరు మోగల్లు అక్కడికి దగ్గరే. రాజమండ్రిలో కంబాలచెరువు పార్కు సాయంత్రం పూట పిల్లలకి బాగుంటుంది. బెంచీమీద పక్కన కూర్చున్న పెద్దాయన్ని 'బాబుగారూ, స్టేషను పాతదెక్కడుండేదండీ' అని ఒక్క ప్రశ్న వెయ్యండి చాలు, మిగతా ప్రశ్నలు ఆయనే వేసుకుని ఆయనే జవాబులు చెప్తాడు, మీ రైలు టైము మాత్రం మీరే చూసుకోవాలి.

పిట్టల కోసం ఓ రోజు విడిగా పెట్టుకోండి. భీమవరం నుంచి కైకలూరు, దారంతా రెండు వైపులా చేపల చెరువులే, నీళ్ళల్లో తిరిగే చక్రాలు చూస్తుంటే పొలాలెప్పుడు పోయాయో తెలీదు. కైకలూరులో దిగి ఆటపాక, కొల్లేరు పక్షుల కేంద్రం అక్కడే, గూడబాతులు, అంటే పెలికాన్లు, చెట్లమీద, కట్టిన మంచెలమీద గుంపులు గుంపులుగా గూళ్ళు పెడతాయి. నవంబరు నుంచి మార్చి లోపు, పొద్దున్న ఎనిమిది దాటకుండా వెళ్ళాలి. తల్లి ముక్కు కింద సంచీలోకి పిల్ల తలదాకా దూర్చి చేపముక్క తినడం కనపడుతుంది, అందుకని బైనాక్యులర్సు ఉంటే పట్టుకెళ్ళండి. ఎర్రచొక్కాలు, బ్లూటూత్ స్పీకర్లు వద్దు. కొల్లేరు 2002 నుంచి రామ్‌సర్ ఒప్పందం కింద కాపాడాల్సిన అంతర్జాతీయ చిత్తడినేల, అయినా చెరువుల గట్లు లోపలికి ఎంత దాకా వచ్చాయో పడవెక్కితే మీకే తెలుస్తుంది, 2006లో ఓసారి ఆ గట్లని పెద్దయెత్తున పగలగొట్టేశారు కూడా.

ఎప్పుడు రావాలంటే డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి. సంక్రాంతి వారం తప్పించండి, రైళ్ళల్లో కాలు పెట్టే చోటుండదు. కార్తీకమాసం సోమవారాలు పంచారామాలకి బస్సులమీద బస్సులొస్తాయి, భక్తికొస్తే సరే, రాతిపని చూడ్డానికొస్తే ఆ నెల వదిలెయ్యండి. ఏప్రిల్, మే నెలల్లో కాలవలు కట్టేస్తారు, నీళ్ళుండవు, అడుగున చెత్త కనపడుతుంది, పైగా ఉక్కపోత. బిక్కవోలు చేలు పచ్చగా చూడాలంటే సెప్టెంబరులో గానీ దాళ్వా, అంటే రెండో పంట, నాట్లేశాక ఫిబ్రవరిలో గానీ. 2027లో గోదావరి పుష్కరాలు, ఆ పన్నెండు రోజులూ ఈ గైడు పనికిరాదు. కాలవల్లో, రేవుల్లో ఈత రాకపోతే దిగకండి, పైకి నిదానంగా కనపడినా లాకుల దగ్గర లాగేస్తుంది.

ఆటోలు ఊళ్ళో తిరిగే సర్వీసువి ఎక్కితే మనిషికింతని ఇస్తే చాలు, బిక్కవోలు, ఆటపాక లాంటిచోట్ల మాత్రం రానూపోనూ వెయిటింగుతో కలిపి ముందే మాట్లాడుకోండి, లేకపోతే తిరిగి స్టేషనుకి నడకే. అమలాపురం వైపు రైలు లేదు, కోటిపల్లి నుంచి నరసాపురం దాకా లైను, మధ్యలో గౌతమి, వైనతేయ, వశిష్ట మూడింటిమీదా వంతెనలు కడుతున్నారు, అది అయ్యేదాకా కోనసీమకి రావులపాలెం మీదుగా బస్సే. నరసాపురం నుంచి తిరుగు రైలు అక్కడే బయల్దేరుతుంది కాబట్టి అరగంట ముందు స్టేషనుకొస్తే కిటికీ సీటు ఖాయం, పాలకొల్లులో ఎక్కితే దొరకదు.